పద్నాలుగు అంటే ఎంత?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

  

"ఇంజనీరుగా నా అనుభవాలు" అని ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన వేశారు. ముప్పై ఏళ్ళు సబ్‌స్టేషన్ల చుట్టూ తిరిగినవాడికి ఏం అనుభవాలుంటాయండి? గాలివాన రాత్రి కరెంటు పోయినప్పుడు మీరందరూ తిట్టిన తిట్లే మా అనుభవాలు. అవి మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తాను. ఈ స్వర్ణోత్సవాల పనిలోనే నేను చేసిన ఒక పొరపాటుంది. అది చెప్పుకోవడానికి నాకిచ్చిన ఇరవై నిమిషాలు వాడుకుంటాను.

సైన్సులో పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థి ఒకరిని ఈ ఏడు సత్కరించాలని సంఘం అనుకుంది. ఎంపికకి ఐదుగురితో ఒక కమిటీ వేశారు. అందులో నేనొకణ్ణి. చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకరు విదేశంలో జన్యుశాస్త్రంలో పనిచేస్తున్నారు. సత్కారం ఆయనకే జరుగుతోంది, జరగాల్సిందే, దాని మీద నాకు రెండో మాట లేదు. రెండోవాడు మా బ్యాచ్ వాడు. పదో తరగతిలో నా పక్క బెంచీ. మెదడు రసాయనాల మీద పరిశోధన చేస్తాడు, మన దేశంలోనే. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మా బ్యాచ్ వాళ్ళకి ఎలాగూ అర్థమైపోయింది, అటు చూసి నవ్వకండి.

మా ఐదుగురిలో మెదడు గురించి తెలిసినవాళ్ళు లేరు, జన్యువుల గురించీ లేరు. ఇద్దరి బయోడేటాలూ ముందేసుకుని కూర్చున్నాం. ఇంగ్లీషులో ఏవేవో పేపర్ల పేర్లు, నాలుగు మాటలు చదివితే మూడు తెలియవు. అప్పుడు నాకు ఒక గీత కింద రెండు అంకెలు కనిపించాయి. హెచ్-ఇండెక్స్ అట. ఒకరిది 61, మావాడిది 14. అమ్మయ్య, అంకె దొరికింది అనుకున్నాను. "అరవై ఒకటెక్కడ, పద్నాలుగెక్కడ" అన్నాను. ఆ మాట నాదే. మీటింగు అక్కడితో అయిపోయింది, టీలు వచ్చాయి.

టీవీలో ఇంటర్ ఫలితాల రోజు "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని అరుస్తుంటే కట్టెయ్యమని ఇంట్లో గోల చేసేవాణ్ణి నేను. మా ఆవిడ సాక్ష్యం చెప్తుంది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట మా నాన్నగారికి ఒక అర్ధరాత్రి పక్షవాతం వచ్చింది. నోరు పక్కకి పోయింది, కుడి చెయ్యి లేవలేదు. పొద్దున్నే తీసుకెళ్దాం అని ఇంట్లో అందరూ అంటున్నారు. ఎందుకో వీడికి ఫోన్ చేశాను. "తెల్లారేదాకా ఆగావో, నేను ఈ జన్మలో నీతో మాట్లాడను" అన్నాడు. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది అని కారెక్కేదాకా ఫోన్లో చెప్తూనే ఉన్నాడు. నాన్నగారు ఆ తరవాత ఆరేళ్ళు తన చేత్తో తనే అన్నం కలుపుకుని తిన్నారు. ఆ మనిషి బయోడేటా నా ముందు పెడితే, నేను పద్నాలుగు చూశాను.

మర్నాడు ఫోన్ చేసి జరిగింది చెప్పేశాను. వాడు నవ్వాడు. "నువ్వు అన్నది లెక్క ప్రకారం కరెక్టేరా. పద్నాలుగు కంటే అరవై ఒకటి పెద్దది" అన్నాడు. తరవాత, "నీకు నిజంగా బాధగా ఉంటే నా సంగతి వదిలెయ్. లోరీ అని ఒకాయన ఉన్నాడు, ఆయన గురించి చదువు" అన్నాడు. రెండు వారాలు చదివాను. ఇప్పుడు చెప్పబోయేది అదే.

ఆలివర్ లోరీ అమెరికావాడు. 1910లో షికాగోలో పుట్టాడు, 1996లో పోయాడు. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో చాలాకాలం ఫార్మకాలజీ విభాగానికి పెద్ద. 1951లో ఆయన, మరో ముగ్గురు కలిసి జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపరు వేశారు. ఒక ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. అంతే. కొత్త సిద్ధాంతం లేదు, కొత్త రోగానికి మందు లేదు.

పద్ధతి కూడా మీకు చెప్పగలిగేంత సులువు. ప్రోటీన్ ఉన్న ద్రావణంలో క్షారం, కొంచెం రాగి లవణం కలుపుతారు. తరవాత ఫోలిన్ రీయేజెంట్ అనే పసుపుపచ్చని మందు చుక్కలు వేస్తారు. కాసేపటికి నీలం రంగు తేలుతుంది. ప్రోటీన్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ఎంత ప్రోటీన్‌కి ఎంత నీలమో ముందే తెలిసిన నమూనాలతో ఒక గీత గీసుకుంటే, తెలియనిదాన్ని ఆ గీత మీద చదువుకోవచ్చు. అప్పటికి వాడుకలో ఉన్న బైయూరెట్ పరీక్ష కంటే ఇది నూరు రెట్లు సూక్ష్మం. పరికరం ఖరీదైంది అక్కర్లేదు. పేపరు రాకముందే చుట్టుపక్కల వాళ్ళు ఆయన్ని అడిగి ఈ పద్ధతి వాడుకునేవారట.

ఇక్కడ సైటేషన్ అంటే ఏమిటో పిల్లల కోసం చెప్పాలి. ఒక శాస్త్రవేత్త పేపరు రాసేటప్పుడు, ఫలానా సంగతి ఫలానావారి పేపరులో ఉంది అని చివర్లో పేర్లు ఇస్తాడు. అలా ఒకసారి పేరు ఇస్తే ఒక సైటేషన్. పెళ్ళి శుభలేఖలో "బంధుమిత్రుల అభినందనలతో" అని వేసినట్టు కాదు, ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో రాసే పద్దు. ఈ పద్దులన్నీ ఒకచోట చేర్చవచ్చునని 1955లో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన ప్రతిపాదించాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అనే పుస్తకం తెచ్చాడు. ఆయన ఉద్దేశం ముఖ్యంగా వెతుక్కోవడానికి. ఒక పాత పేపరు పట్టుకుంటే దాన్ని తరవాత ఎవరెవరు వాడుకున్నారో తెలుస్తుంది, అటునుంచి కొత్త విషయం దొరుకుతుంది. దానితో మనుషుల ఎత్తు కొలవడం మెల్లగా పెరిగింది.

2014లో నేచర్ పత్రిక, అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కువ సైటేషన్లు వచ్చిన నూరు పేపర్ల జాబితా వేసింది. మొదటిది లోరీ పేపరు. 3 లక్షల 5 వేలకు పైగా. ఆ నూటిలో చోటు దక్కాలంటే 12 వేల పైచిలుకు సైటేషన్లు ఉండాలి. వాట్సన్, క్రిక్‌లు 1953లో డీఎన్‌ఏ మెలికల నిచ్చెన ఆకారం చెప్పిన పేపరు ఆ నూటిలో లేదు! విశ్వం విస్తరిస్తోందని మొదట చూపించిన పేపరూ లేదు. జాబితాలో మొదటి మూడూ ప్రోటీన్‌తో పనిచేసే పద్ధతులే: ఒకటోదీ మూడోదీ కొలవడానికి, రెండోది విడదీయడానికి.

నేను ఇంజనీరుని కాబట్టి నాకిది తొందరగానే తలకెక్కింది. సబ్‌స్టేషన్లో ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునే వస్తువు టెస్టర్. ట్రాన్స్‌ఫార్మర్ కాదు. టెస్టర్ లేకపోతే పని జరగదు, అది నిజమే. కానీ ఎన్నిసార్లు తీశాం అన్న లెక్కతో టెస్టర్ గొప్పదా, ట్రాన్స్‌ఫార్మర్ గొప్పదా అని తేల్చకూడదు. ఈ మాట లోరీకే అందరికంటే బాగా తెలుసు. అది గొప్ప పేపరేమీ కాదని ఆయనే రాసుకున్నాడు. అయినా ఆ స్పందన చూస్తే లోలోపల సరదాగానే ఉంటుందని కూడా ఒప్పుకున్నాడు. ఆ రెండో మాట వల్ల నాకు ఆయన మీద అభిమానం పెరిగింది.

మరి ఆయన జీవితమంతా చేసిన పనేమిటి? మెదడు. మెదడులో ఒక్కొక్క కణంలో ఏ రసాయనం ఎంతుందో కొలవడం. వినడానికి తేలిగ్గా ఉంది. ఒక్క నాడీకణాన్ని ఎండబెట్టి తూకం వెయ్యాలంటే ఏ తక్కెడ సరిపోతుంది? బంగారం కొట్లో త్రాసు అయితే దాన్ని ఏనుగుల తక్కెడ అనాలి. గ్రాములో నూరు కోట్లో వంతు లెక్కలో తూచాలి. లోరీ ఒక సన్నని క్వార్ట్జ్ పోగుని గాలం కర్రలాగా ఒకవైపు బిగించి, రెండో కొస మీద కణాన్ని పెట్టి, పోగు ఎంత వంగిందో మైక్రోస్కోపులో చూసేవాడు. గాలి ఆడకుండా గాజు లోపల. గాలం ఎంత వంగితే చేప అంత పెద్దదని మన కాలవ గట్టు మీద కుర్రాళ్ళకి తెలిసిన సూత్రమే. తూచిన తరవాత అందులో రసాయనం మరీ కొంచెం ఉంటుంది కాబట్టి, ఎంజైములతో ఆ ప్రతిచర్యను తిప్పి తిప్పి వేల రెట్లు పెంచి కొలిచేవాడు. మా భాషలో అది యాంప్లిఫయర్. ఇంతటి పనికి ప్రోటీన్ కొలత ఒక పక్క పరికరం మాత్రమే. ఆ పక్క పరికరానికే మూడు లక్షలు వచ్చాయి.

ఆయన అసలు పని ఒకటి చెప్తాను, నాకు అర్థమైనంతలో. మెదడు మన బరువులో రెండు శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో ఇరవై శాతం దానికే పోతుంది. నిలవ దాదాపు లేదు, ఎప్పటికప్పుడు రక్తం తెచ్చిపెట్టాలి. రక్తం ఆగితే ఏ సెకనులో ఏం తరుగుతుంది? 1964లో లోరీ, జానెట్ పాసన్నో తదితరులు ఎలుక మెదళ్ళలో ఇది కొలిచారు. రక్తం ఆగాక కొద్ది కొద్ది సెకన్ల తేడాతో మెదడుని గడ్డకట్టించి, గ్లూకోజ్, గ్లైకోజెన్, ఏటీపీ, ఫాస్ఫోక్రియేటిన్ ఒక్కొక్కటీ ఎంత మిగిలిందో చూశారు. ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టే చిల్లర. ఫాస్ఫోక్రియేటిన్ అంటే ఆ చిల్లర తరిగితే వెంటనే నింపే చిన్న నిలవ. ముందు పడిపోయేది ఫాస్ఫోక్రియేటినే. అది కాసేపు కాపు కాస్తుంది, ఆ తరవాత ఏటీపీ పడుతుంది.

ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. మా గ్రిడ్‌లో జరిగేది ఇదే! ఎక్కడో ఒక పెద్ద యూనిట్ ట్రిప్పయితే, మొదటి కొన్ని సెకన్లు మిమ్మల్ని కాపాడేది కొత్తగా స్టార్ట్ చేసే జనరేటర్ కాదు. అప్పటికే తిరుగుతున్న మిగతా రోటార్లలో ఉన్న ఊపు. ఆ ఊపు అయిపోయేలోగా ఎవరో ఒకరు అందుకోవాలి. లేకపోతే చీకటి. నాన్నగారి విషయంలో వీడు "ఆగకు" అని ఎందుకు అరిచాడో నాకు ఇన్నేళ్ళకి ఇంజనీరింగ్ భాషలో అర్థమైంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫాస్ఫోక్రియేటిన్‌ని కనిపెట్టింది ఎవరు? పిల్లలూ, ఎవరైనా చెప్తారా? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, తన ప్రొఫెసరు సైరస్ ఫిస్కేతో కలిసి. 1927లో. హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో. అదే ఏడాది, అదే విభాగంలో, దాని అధిపతి ఓటో ఫోలిన్, చొకాల్తేవు అనే రుమేనియా ఆయన కలిసి ఒక మందు తయారీ పద్ధతి ప్రచురించారు. ఇందాక చెప్పిన పసుపు మందు, నీలం రంగు తెప్పించేది, అదే. లోరీ కొలిచింది సుబ్బారావు గారి పదార్థాన్ని, లోరీకి మూడు లక్షలు తెచ్చింది ఫోలిన్ గారి మందు. రెండూ ఒకే కప్పు కింద ఒకే ఏడాది బయటికొచ్చాయి.

సుబ్బారావు గారి కథ మీకు కొంత తెలుసు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసరుకి కోపం వచ్చింది, పూర్తి డిగ్రీ బదులు ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టారు. తరవాత బోస్టన్ చేరారు. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరం కొలిచే రంగు పద్ధతి రాశారు. అది కూడా కొలత పద్ధతే, అందులోనూ తేలేది నీలమే, దానికీ దశాబ్దాల పాటు విపరీతంగా సైటేషన్లు వచ్చాయి. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే రెండేళ్ళకి కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ దొరికింది. ఇన్ని చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తరవాత లెడర్లే కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధనలు ఫైలేరియాకి హెట్రజాన్, కాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ దాకా దారి తీశాయి. 1948లో యాభై మూడేళ్ళకే పోయారు.

ఇవాళ ఏ బయాలజీ పుస్తకం తెరిచినా ఫాస్ఫోక్రియేటిన్ ఉంటుంది. పక్కన సుబ్బారావు పేరు ఉండదు, సైటేషన్ ఉండదు. ఓమ్ సూత్రం వాడినప్పుడల్లా మేం ఓమ్ గారి 1827 నాటి పుస్తకాన్ని ఉదహరించం కదా. ఒక సంగతి అందరి సొత్తు అయిపోయాక లెక్కలోంచి జారిపోతుంది.

ఇక ఆ 14 సంగతి. హెచ్-ఇండెక్స్‌ని 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టాడు. నీ పేపర్లలో 14 పేపర్లకి ఒక్కోదానికి కనీసం 14 సైటేషన్లు వచ్చి ఉంటే నీ ఇండెక్స్ 14. పదిహేను కావాలంటే 15 పేపర్లకి పదిహేనేసి రావాలి. తెలివైన కొలతే, ఒక్క పేపరు అదృష్టంతో ఎవరూ పైకి ఎక్కిపోకుండా ఆపుతుంది. కానీ చూడండి, ఈ కొలతలో లోరీ గారి మూడు లక్షల పేపరు కూడా ఒక్కటే. మూడు వందలు వచ్చిన పేపరూ ఒక్కటే. మొత్తం సైటేషన్లు కూడితే ఆ ఒక్క పేపరు ఆయన మెదడు పనినంతా ముంచేస్తుంది, హెచ్-ఇండెక్స్ వేస్తే ఆ పేపరే మాయమైపోతుంది. ఒకే మనిషి, రెండు మీటర్లు, రెండు రీడింగులు. మా డిపార్ట్‌మెంట్లో అయితే రెండు మీటర్లూ ఊడదీసి ల్యాబుకి పంపేవాళ్ళం.

పైగా రంగం, రంగానికీ తేడా ఉంది. జన్యుశాస్త్రంలో ఒక్కో పేపరు మీద వందల మంది పేర్లుంటాయి, ఆ పేపరుకి వచ్చిన సైటేషన్లు అందరి ఖాతాలోనూ పడతాయి. అది మోసం కాదు, అక్కడి పని అలాంటిది. మావాడి పేపర్ల మీద ముగ్గురో నలుగురో ఉంటారు. ఒక్కో పేపరుకి మూడు, నాలుగేళ్ళు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి నేను చేసింది, కిలోవాట్లనీ కిలోమీటర్లనీ పోల్చడం. హిర్ష్ గారే తరవాత తన ఇండెక్స్ చేసిన చెడు గురించి రాశారు. మన దగ్గరా అంతే. 2010లో యూజీసీ కాలేజీ అధ్యాపకుల ప్రమోషన్లకి పేపర్ల లెక్కతో పాయింట్లు పెట్టింది. డబ్బు కడితే చాలు ఏదైనా అచ్చువేసే జర్నళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచి నాలుగు వేల పైచిలుకు జర్నళ్ళని ఒక్కసారి తీసెయ్యాల్సి వచ్చింది.

వాడి ల్యాబు చూద్దామని పోయిన నెల వెళ్ళాను. రెండు గదులు, ఒక డీప్ ఫ్రీజరు, ఇద్దరు విద్యార్థినులు. రక్తం ఆగినప్పుడు మెదడులో ఏ భాగం కణాలు ముందు లొంగిపోతాయి, ఏవి కాస్త తట్టుకుంటాయి, తట్టుకునేవాటిలో ఉన్న తేడా ఏమిటి, ఇదే పదిహేనేళ్ళుగా వాడి ప్రశ్న. లోరీ ప్రశ్నే, కొత్త పరికరాలతో. ఒక అమ్మాయి మూడు నెలలుగా చేసిన ప్రయోగం వారం ముందు తప్పని తేలిందట. వాడు ఆ పిల్లతో కూర్చుని ఎక్కడ తప్పిందో నోటుబుక్కులో వెనక్కి తిప్పుతున్నాడు. నేను గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నర ఏ ఇండెక్సులో పడుతుందిరా అని అడగబోయి, ఊరుకున్నాను. నేనే కదా అంకె అడిగినవాణ్ణి.

కమిటీకి నాదొక విన్నపం. సత్కారం సంగతి మార్చమనడం లేదు, మావాడు ఒప్పుకోడు కూడా. సావనీరు ఇంకా ప్రెస్సుకి వెళ్ళలేదు. అందులో "మన శాస్త్రవేత్తలు" అని పేజీ ఉంది, పేరు పక్కన బ్యాచ్, ఉద్యోగం, హెచ్-ఇండెక్స్ అని మూడు గళ్ళు గీశారు. ఆ మూడో గడి పెట్టమన్నదీ నేనే, మీటింగు మినిట్స్‌లో ఉంది. ఆ గడి తీసేసి, "ఏ ప్రశ్న మీద పనిచేస్తున్నారు" అని ఒక్క వాక్యం వెయ్యండి. అది ఎవరికి వాళ్ళని రాసిమ్మంటే సరిపోతుంది. ఫోన్లు చేసే పని నేను చూసుకుంటాను. మొత్తం పదకొండు మంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఒక మాట. మావాడు సభలో మాట్లాడనన్నాడు కానీ వట్టి చేతులతో రాలేదు. సైన్సు గదిలో మధ్యాహ్నం రెండున్నరకి పాలు, పెసరకట్టు, గుడ్డు తెల్లసొన పక్కపక్కన పెట్టి లోరీ పద్ధతిలో నీలం తెప్పిస్తాడు. ఎందులో ఎక్కువ ప్రోటీన్ ఉందో ముందు మీరు కాగితం మీద రాసివ్వాలి, తరవాతే మందు పోస్తాడు. టెస్ట్‌ట్యూబులు ఇరవైనాలుగే ఉన్నాయి, భోజనాలు కాగానే వచ్చెయ్యండి. నేను కూడా రాసిస్తున్నాను, పెసరకట్టు అని. తప్పయితే అందరి ముందూ చెప్తానన్నాడు.